తాళం పడక ముందు ఆ పదకొండు రోజులు

రామగిరి: ఏటా మార్చి నెల వచ్చిందంటే బొగ్గు గనుల ప్రాంతంలో ఒకటే మాట వినిపిస్తుంది. అది "టార్గెట్". ఆర్థిక సంవత్సరం ఆ నెలాఖరుతో ముగుస్తుంది గనుక, ఏడాదికి ఇంత బొగ్గు తీస్తామని చెప్పిన లెక్క సరిచూసుకోవలసిన నెల అదే. నాగాలు తగ్గించమని అధికారులు బతిమాలడం, రైల్వే వ్యాగన్లు దొరకలేదని సైడింగుల వద్ద గొడవపడటం, సెలవు అడిగిన వాణ్ణి "ఏప్రిల్‌లో చూద్దాం లే" అని సర్దార్లు తిప్పి పంపడం ఇక్కడి వారికి కొత్త కాదు. 2020 మార్చి కూడా అలాగే మొదలైంది. ఆ నెల ఎలా ముగుస్తుందో మాత్రం గనిలో దిగే వారికీ తెలియదు, గట్టున ఉండే వారికీ తెలియదు.

ఏళ్లు గడిచాయి. కరోనా పేరు చెబితే ఇప్పుడు ఎవరికైనా గుర్తుకు వచ్చేది మాస్కులు, టీకాలు, మూతపడిన దుకాణాలు. కానీ ఆ తాళం పడక ముందు మనం మామూలుగా బతికిన చివరి రోజులను పెద్దగా ఎవరూ తలచుకోరు. రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ, ఆ చుట్టుపక్కల పల్లెల వారికి ఆ రోజులను ప్రత్యేకంగా తలచుకోవలసిన కారణం ఉంది. కరీంనగర్‌కు, ఆ మాటకొస్తే యావత్ రాష్ట్రానికి కంటిమీద కునుకు లేకుండా చేసిన ఆ వార్త మన రామగుండం రైల్వే స్టేషన్ మీదుగానే వచ్చింది.

కోడి చవకైన రోజులు

దేశంలో తొలి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. వారం తిరగకుండానే, ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు, మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది. మన పల్లెల నుంచి బస్సుల్లో, ట్రాక్టర్లలో జనం తరలి వెళ్లారు. నిలువెత్తు బంగారం తూచుకున్నారు. లక్షలాది మంది ఒకే వాగులో స్నానం చేశారు, పక్కపక్కనే పొయ్యిలు పెట్టుకుని వండుకున్నారు. చైనాలో ఏదో జబ్బు వచ్చిందట అని చెప్పుకుంటూనే తిరిగి వచ్చారు. అదే నెల 21న శివరాత్రి జాగారాలు, మార్చి రెండో వారంలో హోలీ రంగులు షరా మామూలే.

ఆ రోజుల్లో జబ్బుకంటే ముందు పుకారు వచ్చింది. కోడి తింటే కరోనా వస్తుందన్నది ఆ పుకారు. చికెన్ ధర కుప్పకూలింది. షెడ్లు వేసి కోళ్లు పెంచుకున్న రైతులు మేత ఖర్చు కూడా రాక తలలు పట్టుకున్నారు. భయం పోగొట్టడానికి ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో చికెన్ మేళా పెట్టి, మంత్రులే వేదికపై నిలబడి కోడి ముక్కలు, గుడ్లు తిని చూపించారు. మన ఊళ్లలో మాత్రం కొందరు ధైర్యవంతులు చవకగా దొరికిందని పండగ చేసుకున్నారు. మిగిలిన వారు మటన్ దుకాణం ముందు వరుస కట్టారు.

రాష్ట్రంలో తొలి కేసు మార్చి 2న తేలింది. దుబాయి వెళ్లి వచ్చిన ఓ యువ ఉద్యోగికి హైదరాబాద్‌లో జబ్బు నిర్ధారణ అయింది. అయినా మనకేం అనుకున్నాం. దానికి మనకొక గట్టి కారణం కూడా దొరికింది. అది మన ఎండ. రామగుండం ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసిందే. వేసవిలో రేడియోలో, టీవీలో ఎక్కువ ఉష్ణోగ్రత ఏ ఊళ్లో అంటే ముందు మన పేరే వినపడుతుంది. "మన ఎండకు మనుషులే బతకలేకపోతున్నరు, పురుగు ఏం బతుకుతది?" అనే మాట టీ కొట్ల వద్ద, మస్టర్ గదుల వద్ద ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ మాట అన్న వారిలో ఈ రాసే వ్యక్తి కూడా ఒకడు.

శనివారం నాటి చాయ్

మార్చి 14, శనివారం. ఆ రోజు మన ప్రాంతంలో ఒకే పూట రెండు సంగతులు జరిగాయి. ఒకటి అందరికీ తెలిసింది. మరొకటి నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు.

తెలిసిన సంగతి ప్రభుత్వ ప్రకటన. బడులు, కళాశాలలు మార్చి 31 వరకు మూసివేయాలని, సినిమా హాళ్లు కూడా మూయాలని ఆ రోజు నిర్ణయించారు. అప్పటికే ముహూర్తాలు పెట్టుకున్న పెళ్లిళ్లు జరుపుకోవచ్చు గానీ రెండు వైపులా కలిపి 200 మందికి మించరాదన్నారు. మన దిక్కున పెళ్లి అంటే ఊరు ఊరంతా విందుకు రావలసిందే. రెండు వందల మందిలో ఎవరిని పిలవాలి, ఎవరిని మానాలి అని పెళ్లివారు తలలు బద్దలు కొట్టుకున్నారు. పిలవని వారు అలిగారు. అలిగిన ఆ చుట్టాలలో కొందరిని మళ్లీ చూడలేకపోతామని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

తెలియని సంగతి రైలుది. ఢిల్లీ నుంచి మార్చి 13న బయలుదేరిన ఏపీ సంపర్క్‌క్రాంతి ఎక్స్‌ప్రెస్ శనివారం రామగుండం స్టేషన్‌లో ఆగింది. ఇండోనేసియా నుంచి వచ్చిన పది మంది బృందం అందులో నుంచి దిగి, రోడ్డు మార్గాన కరీంనగర్ వెళ్లింది. ఎప్పటిలాగే కూలీలు సామాన్లు మోశారు, ఆటోవాలాలు బేరాలు అడిగారు, పల్లీలమ్మేవారు బోగీల వెంట పరుగెత్తారు. నాలుగు రోజులు తిరగక ముందే ఆ బృందంలోని వారికి కరోనా ఉన్నట్లు తేలింది. ఆ రైలులో ఢిల్లీ నుంచి రామగుండం వరకు ప్రయాణించిన 8 మందికి జబ్బు సోకిందని మార్చి 21న రైల్వే శాఖ బహిరంగంగా ప్రకటించింది. కరీంనగర్‌లో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి జ్వరాలు పరీక్షించాయి. దేశమంతా పత్రికల్లో రామగుండం పేరు మోగింది. బొగ్గు వల్ల, కరెంటు వల్ల వినపడే పేరు ఆ వారం జబ్బు వల్ల వినపడింది.

ఆ శనివారం సాయంత్రం నేను గోదావరిఖనిలోనే ఉన్నాను. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అక్కడే ఉండేవాడు. భూగర్భ గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయిన మనిషి. ఉబ్బసం ఉంది. అయినా సాయంకాలం చౌరస్తాకు వచ్చి, పాత షిఫ్టు దోస్తులతో ఓ గంట కూర్చోనిదే ఆయనకు పొద్దుపోదు. నన్ను చూసి ఎప్పటిలాగే వన్ బై టూ చాయ్ చెప్పాడు. ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చారు. ఆ గ్లాసులు ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసినవి. ఎవరు తాగిన గ్లాసో, ఎన్ని పెదవులు తగిలాయో ఎవరు చూశారు? పైసలు నేనిస్తానంటే నా చేయి పట్టి వెనక్కి నెట్టాడు.

"తమ్మీ, ఉగాదికి ఇంటికి రా. మీ వదిన పచ్చడి చేస్తది, ఇక్కడనే తాగుదువు" అన్నాడు.

"వస్త తియ్యన్నా" అన్నాను.

పొలం పని ఉందని, మళ్లీ వారం ఎలాగూ కలుస్తాం కదా అని, ఇంకో చాయ్ తాగుదామంటే కూడా ఆగకుండా సెంటినరీ కాలనీ బస్సు ఎక్కాను. బస్సులో నిలబడటానికే చోటు లేదు. ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని ఇల్లు చేరాం. ఆనాడు అదేమీ చెప్పుకోదగ్గ విషయం కాదు.

మూడు పరీక్షలు, ఆ పైన సెలవులు

మార్చి 19, గురువారం పదో తరగతి పరీక్షలు ప్రారంభమయ్యాయి. రాష్ట్రమంతటా 5 లక్షలకు పైగా పిల్లలు పరీక్షలకు కూర్చున్నారు. మన పల్లెల పిల్లలు కూడా కొత్త పెన్నులు, అట్టలు పట్టుకుని, మూతికి చేతిరుమాళ్లు కట్టుకుని కేంద్రాలకు వెళ్లారు. అదే రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, 22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ పాటించమన్నారు. మరుసటి రోజు హైకోర్టు ఆదేశంతో పరీక్షలు వాయిదా పడ్డాయి. 21వ తేదీ శనివారం నాటికి మూడు పేపర్లు మాత్రమే పూర్తయ్యాయి. మిగిలినవి ఇక జరగనే లేదు. జూన్‌లో ప్రభుత్వం పరీక్షలను రద్దు చేసి, అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించింది. ఏడాదంతా తెల్లవారుజామున లేచి చదివిన పిల్ల, పుస్తకం ముట్టని పిల్లవాడు ఒకే రోజు గట్టెక్కారు. ఇంట్లో సంతోషించాలో బాధపడాలో తెలియని పాస్ అది.

ఆ రోజుల్లోనే గల్ఫ్ దేశాల నుంచి వస్తున్న వారి విషయం ఊళ్లలో చర్చకు వచ్చింది. దుబాయి, మస్కట్ పోయిన బిడ్డ వస్తున్నాడంటే అంతకుముందు ఇంటిల్లిపాదీ ఎదురు వెళ్లేవారు. డబ్బాల నిండా ఖర్జూరాలు, సబ్బులు, సెంటు సీసాలు వస్తాయని వాడకట్టు అంతా చూసేది. ఆ మార్చిలో మాత్రం ఇంటికి వచ్చిన వాణ్ణి 14 రోజులు ఒక గదిలో ఉండమన్నారు. ఒకటే గది ఉన్న ఇంట్లో ఏ గదిలో ఉండాలి? కన్నతల్లి గడప ఇవతల పళ్లెం పెట్టి పక్కకు జరగవలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిష్ఠురంగా చెప్పుకోవాలి. రైలు దిగిన విదేశీయులను, దుబాయి నుంచి వచ్చిన మన బిడ్డలను, తరువాత నడిచిపోతున్న వలస కూలీలను మనం ఒకే చూపు చూశాం. జబ్బు తమలో ఉందన్న సంగతి ఆ వచ్చిన వారికే తెలియదు. తెలిసి తెచ్చిన వారెవరూ లేరు. అయినా మనిషిని చూస్తే మనిషి జంకడం ఆ వారంలోనే మొదలైంది.

పళ్లాలు మోగిన ఆదివారం

మార్చి 22. కేంద్రం ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకు కర్ఫ్యూ అంటే, మన రాష్ట్రంలో ఉదయం 6 నుంచి మరునాడు ఉదయం 6 వరకు 24 గంటలు పాటించమన్నారు. గోదావరిఖని చౌరస్తా పట్టపగలు నిర్మానుష్యమైంది. సాయంత్రం 5 గంటలకు కాలనీ క్వార్టర్ల ముందు ఆడవారు, పిల్లలు నిలబడి చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. షిఫ్టు సైరన్‌కు అలవాటు పడిన ఆ క్వార్టర్లు పళ్లాల మోత వినడం అదే మొదటిసారి. చాలామంది దాన్ని ఒక్కరోజు ముచ్చటగానే భావించారు. తెల్లవారితే మామూలే అనుకున్నారు.

ఆ రోజే ముఖ్యమంత్రి మార్చి 31 వరకు రాష్ట్రమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్ల రేషన్ కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కుటుంబానికి 1,500 రూపాయలు ఇస్తామన్నారు. ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాయి. మళ్లీ అవి జిల్లాల్లో రోడ్డెక్కింది మే 19న. ప్రయాణికుల రైళ్లు కూడా ఆగిపోయాయి. రామగుండం మీదుగా ఆ తరువాత పోయినవి ఎక్కువగా గూడ్సు బండ్లే. వాటిలో ఎప్పటిలాగే బొగ్గు పోయింది.

సోమ, మంగళవారాల్లో ఊళ్లు తమ రక్షణ తామే చూసుకున్నాయి. డప్పు చాటింపులు వేశారు. పొలిమేరల్లో దారికి అడ్డంగా ముళ్లకంప వేశారు, మొద్దులు పడేశారు. ముసలివారు గత్తర నాటి సంగతులు తవ్వి తీశారు. గత్తర తగిలితే ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారని, పోచమ్మకు సాక పోసి ఊరి చుట్టూ బలి చల్లేవారని చెప్పారు. తాతల నాటి కథగా విన్నది కళ్ల ముందుకు వచ్చింది. 24వ తేదీ రాత్రి ప్రధాని మళ్లీ మాట్లాడి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది.

వేపపూత ఉంది, మామిడికాయ ఉంది, బెల్లం ఇంట్లో ఉంది. కొత్త కుండకోసం కుమ్మరి ఇంటికి పోయే దారి లేక చాలామంది స్టీలు గిన్నెలోనే పచ్చడి కలుపుకున్నారు. గుడి ముందు పంచాంగ శ్రవణం లేదు. గోదావరిఖని పోవడానికి నాకు బస్సు లేదు, దారిలో పోలీసులు. అన్నకు ఫోన్ చేశాను.

"రాకు తమ్మీ. పచ్చడి ఎటు పోతది? మే నెలల వద్దువు, మామిడిపండ్లు తిందాం" అన్నాడు.

గని మాత్రం ఆగలేదు

దేశమంతా ఇంట్లో కూర్చుంటే కూర్చోవడానికి వీలు లేని వారు కొందరుంటారు. వైద్యులు, నర్సులు, సఫాయి కార్మికుల సరసన బొగ్గు గని కార్మికుడు, కరెంటు కార్మికుడు కూడా చేరారు. బొగ్గు ఆగితే 2,600 మెగావాట్ల రామగుండం ఎన్‌టీపీసీ ఆగుతుంది. అది ఆగితే ఆస్పత్రుల్లో యంత్రాలు ఆగుతాయి. ఇంట్లో ఉండి చేసే పని కాదిది.

అయితే గనిలో పని తీరు తెలిసిన వారికి అసలు ఇబ్బంది ఏమిటో వెంటనే అర్థమవుతుంది. దీపాల గది వద్ద వరుస, మస్టర్ వద్ద వరుస, కిందికి దిగేటప్పుడు పక్కపక్కనే కూర్చోవాలి. కప్పుకు ఆధారం నిలబెట్టాలంటే ఇద్దరు మనుషులు ఒకే దిమ్మ పట్టాలి. తెచ్చుకున్న డబ్బాలు నలుగురు కలిసి విప్పుతారు. ఒకరి సీసాలో నీళ్లు మరొకరు తాగుతారు. గని మైసమ్మకు మొక్కి దిగిన తరువాత మనిషికి మనిషే దిక్కు. అలాంటి చోట రెండు గజాల దూరం అన్న మాట ఎలా పొసగుతుంది? ఆ కారణంగానే ఏప్రిల్ 1 నుంచి భూగర్భ గనుల్లో సింగరేణి లేఆఫ్ ప్రకటించింది. ఓపెన్‌కాస్టులు నడిచాయి. లేఆఫ్ అంటే చట్టప్రకారం మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం చేతికి వస్తుంది. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా గనులు ఆపిన కార్మికులకు పని లేని రోజులు కొత్త కావు. కానీ అప్పుడు తాము ఆపారు, జనం మధ్య ఆపారు. ఇప్పుడు ఎవరింట్లో వారు ఒంటరిగా కూర్చున్నారు.

లెక్కలు చూసినా ఆ దెబ్బ కనిపిస్తుంది. 2019-20లో సింగరేణి 6 కోట్ల 40 లక్షల టన్నుల బొగ్గు తీసింది. 2020-21లో అది 5 కోట్ల 6 లక్షల టన్నులకు పడిపోయింది. మరుసటి ఏడాదికి మళ్లీ 6 కోట్ల 50 లక్షల టన్నులు దాటింది. బొగ్గు లెక్క సరిపోయింది. మనుషుల లెక్క అలా సరిపోయేది కాదు.

రైతు సంగతి కూడా అంతే. యాసంగి వరి పొట్టమీద, గింజమీద ఉన్న సమయంలో తాళం పడింది. కోతకు యంత్రాలు రావు, మిల్లుల్లో హమాలీలు లేరు. చివరకు ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టి, టోకెన్లు ఇచ్చి, ఆ యాసంగిలో రాష్ట్రమంతటా 60 లక్షల టన్నులకు పైగా ధాన్యం కొన్నారు. రామగిరి ఖిల్లా కింది పొలాల్లో కోతలు ఆలస్యమైనా ఆగలేదు. అప్పుడు రామగుండంలో ఎరువుల కర్మాగారం, ఎన్‌టీపీసీ కొత్త యూనిట్ల నిర్మాణం సాగుతోంది. ఆ పనులకు దూరప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు మాత్రం షెడ్లలో చిక్కుపడిపోయారు. దేశంలో తొలి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరే దాకా వారికి ఇంటి దారి కనపడలేదు.

ఇరవై మందిలో లేని వాడు

ఏప్రిల్ నెలలో ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. అన్న కొడుకు. "చిన్నాయినా, బాపు పోయిండు" అన్నాడు. కరోనా కాదు. రాత్రి గుండెనొప్పి వచ్చిందట. ఆస్పత్రికి తీసుకుపోయే లోపలే అయిపోయింది. నేను బండి తీయబోతుంటే వాడే అన్నాడు: "నువ్వు రాకు చిన్నాయినా. ఇరవై మందికే పర్మిషన్ అంటున్నరు. వాడకట్టోళ్లే పది మంది ఉన్నరు. తొవ్వల ఆపితే నీకు ఇజ్జత్ పోతది."

నిబంధన నిజమే. అంత్యక్రియలకు 20 మందికి మించి గుమిగూడరాదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు తప్పని నేను అనడం లేదు. జనం గుమిగూడితే ఇంకెన్ని ఇళ్లలో ఏడుపులు లేచేవో. కానీ మన దగ్గర పెళ్లికి పోకపోతే మన్నిస్తారు, చావుకు పోకపోతే మన్నించరు. ఉత్తప్పుడు ఆ మనిషి చనిపోతే మూడు షిఫ్టుల కార్మికులు వంతులవారీగా పాడె మోసేవారు. డప్పులు మోగేవి. గోదావరి ఒడ్డు దాకా దారి పట్టనంత జనం నడిచేది. ఆ రోజు ఇరవై మంది కూడా పూర్తిగా లేరని తరువాత తెలిసింది. భయపడి కొందరు గడప దాటలేదు. మా ఊరి నుంచి అక్కడికి ఇరవై కిలోమీటర్లు. దుబాయి నుంచి రాలేకపోయిన వాడు, ఇరవై కిలోమీటర్ల నుంచి పోలేకపోయిన వాడు ఆ రోజుల్లో ఒక్కటే అయ్యారు. నేను దావత్ ఫోటోలు చూసినట్టు సెల్‌ఫోన్‌లో చితి చూశాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2020లోనూ, 2021 వేసవిలో వచ్చిన రెండో విడతలోనూ మన ప్రాంతంలో ఇటువంటి ఇళ్లు ఎన్నో. కొందరు జబ్బుతో పోయారు, కొందరు జబ్బు లేకుండానే పోయారు. చివరి చూపు దక్కని వారి బాధ మాత్రం ఒకటే.

గుర్తుంచుకోవలసింది

ఆ పదకొండు రోజులు తలచుకుంటే రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, ప్రమాదం గురించి మనకు తెలియక కాదు, అది మన గడపకు రాదనుకోవడం వల్ల నష్టపోయాం. మన ఎండ మీద, మన దూరం మీద మితిమీరిన నమ్మకం పెట్టుకున్నాం. గనిలో పనిచేసే వారికి ఈ పాఠం తెలియంది కాదు. కప్పు చప్పుడు చేసినప్పుడే పక్కకు జరగాలి, కూలిన తరువాత కాదు. రేపు మరో జబ్బు పేరు వినపడితే ఆ మాట గుర్తుంచుకుంటే చాలు.

రెండోది అంతకంటే చిన్న సంగతి. ఇప్పుడు బస్సులు నడుస్తున్నాయి. జాతరలు జరుగుతున్నాయి. చౌరస్తాలో వన్ బై టూ చాయ్ మళ్లీ దొరుకుతోంది. అయినా మనలో చాలామంది చావులకు, పరామర్శలకు ఫోన్‌తోనే సరిపెట్టే అలవాటు మానలేదు. అప్పుడు తప్పనిసరై చేసింది ఇప్పుడు సులువని చేస్తున్నాం. అప్పట్లో చివరి చూపు దక్కని ఇళ్లకు ఇప్పటికైనా ఒకసారి పోయి కూర్చుని రావడం మన చేతిలోని పనే. ఆలస్యమైందని ఏ ఇల్లూ తలుపు వేసుకోదు.

ఏటా ఉగాది నాడు పొద్దున్నే నేను గోదావరిఖని బస్సు ఎక్కుతాను. మా ఇంట్లో పచ్చడి ముట్టను. వదిన మొదటి గ్లాసు అన్న ఫోటో ముందు పెట్టి, రెండోది నా చేతికి ఇస్తుంది. మాట ఇచ్చింది 2020 మార్చి 14న. ఆలస్యంగానైనా చెల్లించుకుంటున్నాను.